అల కొట్టిందట

ముందు సీటు తలుపు నేనే తీసి పట్టుకున్నాను. సరోజ దాని వంక చూడనైనా చూడలేదు. కారును చుట్టుకుని వెళ్ళి, వెనక తలుపు తనే తీసుకుని కూర్చుంది, నేనేదో ఆకివీడు సెంటర్లో బేరమాడి తెచ్చుకున్న కిరాయి డ్రైవర్నయినట్టు. కూర్చోనీ. ఎడమ కనుబొమ పైన ఏడు కుట్లు, వాటి మీద దళసరి దూది, దాని మీద ప్లాస్టరు. ఆ మొహాన్ని పక్కన పెట్టుకుని ఏలూరు దాకా గంటసేపు బండి నడపాలని నాకు మాత్రం సరదానా. ఆకివీడు ఆసుపత్రిలో కుట్లు వేసినంతసేపూ ఆ డాక్టరు నోరు ముయ్యలేదు, ఇంకో అరంగుళం కిందికి తగిలుంటే కన్ను పోయేదండి, అదృష్టమండి, ఇంతకీ ఎలా తగిలిందండి అని. నేను నోరు తెరిచే లోపలే సరోజ చెప్పేసింది, కళ్ళు మూసుకునే, "అల కొట్టిందండి" అని. ఆయన నమ్మాడు. అంత చదువు చదివినవాడికి గీత గీసినట్టు తెగిన చర్మం చూస్తే నీళ్ళ దెబ్బో, అంచున్న వస్తువు దెబ్బో తెలియొద్దా. అలకి అంచులుంటాయా? "సముద్రంతో జాగ్రత్తండి అమ్మా" అని నాక్కూడా ఓ సలహా పారేశాడు, చేతులు కడుక్కుంటూ.

బయటికొచ్చేసరికి కారు చుట్టూ జనం. కారు పైన, సరోజ ఇంటి నుంచి తెచ్చిన తాడుతో కట్టిన రెండు బోర్డులున్నాయి. కింద సరోజది, తొమ్మిదడుగులది, నీలం రంగుది, పైన మెత్తటి నురుగు పొర ఉన్నది. దాని మీద నాది, ఆరడుగులకి రెండంగుళాలు తక్కువ, తెల్లటి గట్టి బోర్డు, ముక్కు సూదిగా ఉంటుంది. టీ కొట్టు ముందు కూర్చున్న పెద్దమనిషొకాయన దగ్గరికొచ్చి, "ఇవేంటండీ, చెరువులో మేత జల్లుకోడానికాండీ" అన్నాడు. అవునండీ అన్నాను. ఏమని చెప్పను, నలభై ఒకటో ఏట నాకూ, నలభై ఆరో ఏట ఈవిడకీ సర్ఫింగ్ అనే పిచ్చి పట్టిందనీ, ప్రతి ఆదివారం తెల్లవారుజామునే లేచి పేరుపాలెం పోయి, అల మీద బోర్డేసుకుని నిలబడి ఒడ్డుకి జారడం నేర్చుకుంటున్నామనీ చెబితే, మేత జల్లుకోవడమే నయమనుకుంటాడు. నాకూ ఇప్పుడు అదే నయమనిపిస్తోంది. ఆకివీడు దాటేదాకా అద్దంలో వెనక సీటు చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. రైల్వే గేటు రాకముందే చూశాను. సరోజ కిటికీలోంచి బయటికి చూస్తోంది. బయట చూడ్డానికేముంది ఈ రోడ్డులో, చెరువు, గట్టు, చెరువు, గట్టు, నీళ్ళు చిలుకుతున్న ఏరియేటర్లు, ఐసు పెట్టెల లారీలు, కుళ్ళిన మేత వాసన. జూన్ నెలాఖరైనా చినుకు లేదు, మబ్బు మాత్రం మూత పెట్టినట్టుంది, వొళ్ళంతా ఆరిన ఉప్పు.

ఈ చెరువులు నాకేం కొత్త కాదు. కలిదిండిలో మా నాన్న మూడెకరాల వరిచేను నా కళ్ళ ముందే చేపల చెరువుగా తవ్వించాడు, అందరికన్నా మా నాయనమ్మ ఎక్కువ ఏడ్చింది, చేపలమ్ముకునే బతుకైపోయిందని. నాకు బాలాత్రిపురసుందరి అని పేరు పెట్టింది ఆవిడే. తర్వాత నా భుజాలు చూసి తప్పు చేశాననుకుందో ఏమో, చచ్చేదాకా 'ఒరేయ్' అనే పిలిచింది. మా ఊరి కాలువలో ఎదురీత ఈదినదాన్ని. తాడేపల్లిగూడెంలో కాలేజీ చదువుతుండగా రాష్ట్రం పోటీల్లో రెండో స్థానం, అప్పటి పతకం ఇప్పటికీ బీరువాలో ఉంది, మొదటి స్థానం వచ్చిన పిల్ల పేరు కూడా గుర్తే, దాని మోచేతులు కూడా గుర్తే. ఏలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పదిహేడేళ్ళుగా ఆటల టీచర్ని, పీఈటీని. పీఈటీ అంటే స్టాఫ్ రూంలో అందరూ అదోలా చూస్తారు. లెక్కల మాస్టారికి పీరియడ్ చాలకపోతే నా పీరియడ్ తీసుకుంటాడు, అడగడు కూడా, మైదానంలోకి పిల్లల్ని వదలబోతుంటే కబురొస్తుంది. అందుకే ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. టిఫిన్ డబ్బా తెచ్చుకుని నా పక్కన కూర్చున్నది ఈ సరోజ ఒక్కతే. బయాలజీ చెబుతుంది. నెమ్మదస్తురాలు, గట్టిగా తుమ్మడానికి కూడా సిగ్గుపడే మనిషి. నాకప్పుడు ఆవిడ మీద జాలి ఉండేది. జాలి పడ్డవాళ్ళనే మనం పక్కన కూర్చోనిస్తాం కాబోలు, వాళ్ళతో మనకి ఏ పోటీ రాదని.

కైకలూరు వచ్చింది. సెంటర్లో ఎద్దొకటి అడ్డంగా పడుకుంది, హారన్ కొట్టాను, కొడుతూనే ఉన్నాను, వెనకనుంచి సరోజ చెవులు మూసుకోవడం అద్దంలో కనిపించింది, ఇంకోసారి కొట్టాను. తలకి దెబ్బ తగిలినవాళ్ళ దగ్గర చప్పుడు చెయ్యకూడదని నాకు తెలియదా, ఫస్ట్ ఎయిడ్ పిల్లలకి చెప్పేది నేనే. ఎద్దు లేచింది. కుడికి ఏలూరు రోడ్డు పట్టుకున్నాను.

ఫిబ్రవరిలో స్టాఫ్ పిక్నిక్ పేరుపాలెంలో పెట్టారు, అక్కడ మొదలైంది ఇదంతా. పేతురు అని ఒకడున్నాడక్కడ, నలభై అయిదేళ్ళుంటాయి, వేటకెళ్ళే కుటుంబం. చెన్నై అవతల ఏదో బీచిలో పన్నెండేళ్ళు సర్ఫింగ్ నేర్పే చోట పనిచేసి, ఇంటికొచ్చి, నాలుగు బోర్డులతో పాక వేసుకున్నాడు. హెడ్మాస్టారి బలవంతం మీద ఒక్కొక్కళ్ళూ బోర్డు మీద పడుకుని ఫొటోలు దిగారు. సరోజ చీర కుచ్చెళ్ళు దోపుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలో బోర్డు మీద బోర్లా పడుకుంటే పేతురు వెనకనుంచి ఒక తోపు తోశాడు. నురుగు తీసుకొచ్చి ఇసకలో పారేసింది. జుట్టంతా ఇసక, ముక్కులో నీళ్ళు, లేచి కూర్చుని నవ్వింది చూడండి, ఎనిమిదేళ్ళ పరిచయంలో ఆ మనిషికి అన్ని పళ్ళున్నాయని నాకు తెలియదు. "బాలగారూ, ఇంకోసారి వెళ్దామాండీ" అంది. ఈత రాదు కదండీ మీకు అన్నాను. "మీకు వచ్చుగా" అంది. ఆ మాటకి నేను పొంగిపోయాను, అదీ నిజం. మార్చి అంతా పొద్దున్నే ఆడవాళ్ళ బ్యాచిలో ఈతకొలనుకి తీసుకెళ్ళాను. నడుం కింద నా చెయ్యి పెట్టి తేలించాను. మెడ వదిలెయ్యండి సరోజగారూ, నేనున్నాను, నీళ్ళని పట్టుకోకండి, నన్ను కూడా పట్టుకోకండి అని, చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పాను. చెయ్యి ఎప్పుడు తీసేశానో తెలియకుండా తీసేశాను. తేలింది. ఆ రోజు స్కూల్లో అందరికీ చెప్పింది, బాలగారు నాకు ఈత నేర్పారండీ అని, లెక్కల మాస్టారితో సహా. నాకు అంతకన్నా ఏం కావాలి. అక్కడ ఆగిపోయుంటే ఎంత బావుండేది. నేర్పేదాన్ని నేనూ, నేర్చుకునేది తనూ.

బోర్డులు కొనుక్కున్న రోజు మే నెల మొదటి ఆదివారం. రోజూ అద్దె బోర్డులెందుకండీ, వారం వారం వస్తున్నారుగా, సొంతవి తీసుకోండి అన్నాడు పేతురు, వాడికి తెలిసినవాళ్ళ దగ్గర వాడినవి తెప్పించాడు. పాక ముందు ఇసకలో మూడు పరిచాడు. తొమ్మిదడుగుల నీలం మెత్తది, ఎనిమిదడుగుల పసుపు మెత్తది, ఈ తెల్లది. నన్ను ఎగాదిగా చూసి, "మీ బరువెంతండీ మేడం గారూ" అన్నాడు. ఏం, ఎందుకు, అన్నాను. "బోర్డు మనిషిని బట్టండి. నెలకి నాలుగు రోజులొస్తారు మీరు, ఇక్కడ అల చిన్నది, మెత్తగా ఉంటాది. మొదటి బోర్డు పొడుగుండాలండి, వెడల్పుండాలి, మందముండాలి. తేలాలి, కదలకుండా ఉండాలి. మీ ఇద్దరికీ ఈ తొమ్మిదడుగులదీ ఎనిమిదడుగులదీ సరిపోతాయండి. తెల్లది చూపిద్దామని పెట్టానండి, ఇది ఎప్పుడో రెండేళ్ళ తర్వాత మాట." నేను ఆ మెత్తటివి బొటనవేలితో నొక్కి చూశాను, పరుపులా దిగింది. ఇవి పిల్లల ఆటబొమ్మలు కదయ్యా అన్నాను. "పిల్లలవీ, పెద్దలవీ అని ఉండవండి. మెత్తదైతే మీ నెత్తి మీద పడ్డా, పక్కోళ్ళ నెత్తి మీద పడ్డా ఏం కాదండి. తెల్లదాని అంచులు చూడండి, కింద చేప రెక్కల్లాంటి ఈ ఫిన్లు చూడండి, కోసేస్తాయి." నేను రాష్ట్రం పోటీల్లో ఈదినదాన్నయ్యా అన్నాను. వాడు తల గోక్కుని, "ఈత వేరండి, ఇది వేరండి" అన్నాడు. వేరట. బోర విరుచుకుని నిలబడి, నీళ్ళ గురించి నాకే చెబుతున్నాడు. తెల్లది చంకలో పెట్టుకున్నాను, సరిగ్గా ఇమిడింది, చూడ్డానికి ఎంత బావుంది. సరోజ మాత్రం ఏం మాట్లాడకుండా ఆ తొమ్మిదడుగుల దుంగ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చేత్తో ఇటు కొస నుంచి అటు కొస దాకా నిమిరి, "నాకిది చాలండీ" అంది. చాలట. ఆ రోజు నాకు నవ్వొచ్చింది.

తర్వాత ఏం జరిగిందో అద్దం పెట్టి చూపించక్కర్లేదు. తెల్లది నన్ను మోసేది కాదు. దాని మీద పడుకుంటే నీళ్ళలో సగం మునిగేది, అల వస్తుంటే ఎంత తెడ్డేసినా, ఈ భుజాలతో, ఎంత తెడ్డేసినా అల నా కిందనుంచి దాటి వెళ్ళిపోయేది, నన్ను చూడనట్టు. ఎప్పుడైనా పట్టుకుంటే ముక్కు నీళ్ళలోకి గుచ్చుకుని తలకిందులుగా పడేదాన్ని. లేవబోతే పక్కకి దొర్లేది. మే అంతా పడ్డాను, జూన్ అంతా పడ్డాను. మోకాళ్ళు దోక్కుపోయి, పక్కటెముకలు కమిలి, బడి తెరిచాక సోమవారం ప్రేయర్లో నిలబడలేక నిలబడేదాన్ని. సరోజ మూడో ఆదివారమే లేచి నిలబడింది. నురుగులోనే అనుకోండి, నడుం లోతులోనే అనుకోండి, నిలబడింది, రెండు చేతులూ చాపి, మోకాళ్ళు వంచి, పిచ్చుక వాలినట్టు. "ఒక్క ఊపులో లేవండమ్మా, మోకాళ్ళ మీద ఆగొద్దు, ఒడ్డు చూడండి, కాళ్ళు చూసుకోవద్దు" అని పేతురు కేకలు పెడుతుంటే, ఆవిడ పేతురు చెప్పినవన్నీ చేసింది, అంతే, నోరెత్తకుండా చేసింది. ఒడ్డున ఊరివాళ్ళు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నీళ్ళలో ఉండి చప్పట్లు కొడితే చప్పుడు రాదు. "కావాలంటే కాసేపు నాది వాడండి బాలగారూ" అని ప్రతివారం అనేది. ప్రతివారం. దానికన్నా చెంప మీద కొట్టినా బావుండేది. పేతురు కూడా అన్నాడు ఓసారి, "మార్చుకుందామండి మేడం, తెల్లది నేనే వెనక్కి తీసుకుంటాను" అని. వద్దన్నాను. మార్చుకుంటే వాడు గెలిచినట్టు, ఆవిడ గెలిచినట్టు, ఈతకొలనులో నడుం కింద నా చెయ్యి లేకపోతే బుడుంగున మునిగే మనిషి గెలిచినట్టు.

ఫోను మోగింది. సరోజది. వాళ్ళాయన. శ్రీరామచంద్రగారు ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటు, ఏనాడూ గొంతు పెంచి మాట్లాడగా వినలేదు. ఆయన ఈ ఆదివారాల వ్యవహారాన్ని మొదట్నుంచీ సహిస్తున్నాడు, సహిస్తున్నానని మాట్లాడే ప్రతి మాటలోనూ తెలిసేట్టు సహిస్తున్నాడు. సరోజ ఫోను చెవికి ఆనించుకోలేక, ఆ పక్కే కదా దెబ్బ, స్పీకర్లో పెట్టింది. "కొంచెం దెబ్బ తగిలిందండి. కంగారు పడకండి. కుట్లు వేశారు. అల కొట్టిందండి" అంది. ఆయన చాలా మెత్తగా, "ఇంక చాలు సరోజా. సముద్రం అన్న మాట ఇంక మనింట్లో వద్దు. ఆ బోర్డు ఇంటికి తేవద్దు, మేడం గారి దగ్గరే ఉంచెయ్యి. సరేనా" అన్నాడు. "అలాగేనండి" అంది సరోజ. అంతే. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఎన్ని వేలసార్లు అని ఉంటుందో ఆ మాట, నోరు తెరవకుండానే వచ్చేసింది. ఫోను పక్కన పెట్టేసింది. నాకు ఒక్క క్షణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇంక ఆదివారాలు లేవు. ఆ చప్పట్లు లేవు. మళ్ళీ సోమవారం స్టాఫ్ రూంలో టిఫిన్ డబ్బాలు, మళ్ళీ తను మెల్లిగా తుమ్మడం, నేను గట్టిగా మాట్లాడడం. నాకు రానిది ఆవిడకీ లేదు. దరిద్రం వదిలింది. అలా అనుకుని, ఇలా అనుకున్నది నేనేనా అని చూసుకునే లోపల పెదఎడ్లగాడి వంతెన వచ్చేసింది, ఎదురుగా లారీ, చటుక్కున బ్రేకు వేశాను, వెనక సరోజ ముందుకి తూలి నా సీటు పట్టుకుంది, పట్టుకుని అబ్బా అంది. చూసుకోలేదండీ అన్నాను. "మీరు బాగానే చూసుకుంటారు" అంది.

ఏమిటా మాట? వంతెన దిగాను. రెండువైపులా కొల్లేరు, గుర్రపుడెక్క పట్టి పచ్చగా ఉంది, కొల్లేటికోట వైపు పడవలు. ఏమిటా మాట అని అడగలేదు. కాలి తాడు కట్టుకోకపోవడం నా తప్పే, అది ఒప్పుకుంటాను. బోర్డుకీ మడమకీ మధ్య ఒక తాడుంటుంది, మనం పడ్డా బోర్డు దూరం పోకుండా. పొద్దున్న నాలుగుసార్లు పడ్డాను, నాలుగోసారి ఆ తాడు రెండు కాళ్ళకీ చుట్టుకుని నీళ్ళ కింద ఊపిరాడలేదు, కోపమొచ్చి విప్పి ఒడ్డున పారేశాను. పేతురు అటువైపెవరికో నేర్పుతున్నాడు, చూడలేదు. ఛాతీ లోతులో నిలబడ్డాను, బోర్డు పక్కన పట్టుకుని. లోపలి నుంచి అల లేచింది, ఇవాళ అలలు పెద్దవి, దాని మీద సరోజ. నురుగులో కాదు, పచ్చటి అల మీదే, మొదటిసారి, నిలబడి, ఏటవాలుగా జారుకుంటూ వస్తోంది. నన్ను చూసింది. నవ్వింది, ఆ పళ్ళన్నీ కనపడేట్టు. నా వైపే చెయ్యి ఊపింది, చూడండి బాలగారూ అన్నట్టు. దగ్గర్లో మనిషి ఉన్నప్పుడు బోర్డు వదలకూడదు, మొదటి రోజే చెప్పాడు పేతురు, పట్టుకుని మునగాలి, అంతే. నేను పట్టుకునే ఉన్నాను. అల నా మీదికొచ్చింది, బరువుకి చెయ్యి జారింది. జారింది అనే డాక్టరు దగ్గర చెబుదామనుకున్నాను. కుర్చీలో కూర్చుని ఆ మాటే లోపల అప్పజెప్పుకుంటున్నాను, జారిందండి, చెయ్యి జారిందండి. ఎవరూ అడగలేదు. స్టీరింగు మీద కుడి అరచెయ్యి చూసుకున్నాను. జారితే వేళ్ళు తెరుచుకుంటాయి. వేళ్ళు తెరుచుకోలేదు. అరచెయ్యి బోర్డు తోక మీద ఆనించి, పేతురు ఫిబ్రవరిలో ఆవిడని ఎలా తోశాడో అలా, అంతే చిన్న తోపు. తెల్లది అల ముందు నుంచి ఎగిరింది. తర్వాత ఆవిడ మొహం మీద నెత్తురు, ఉప్పునీళ్ళతో కలిసి గులాబీరంగుగా కారడం, పేతురు పరిగెత్తుకురావడం, ఆవిణ్ణి ఎత్తుకుని తుండు ఒత్తి పెడుతూ నా కాళ్ళ వంక చూసి, "మేడం, కాలి తాడేదండీ" అనడం. అంతే అన్నాడు.

"ఆ బోర్డు మీరే ఉంచుకోండి బాలగారూ" అంది వెనకనుంచి. శ్రీపర్రు దగ్గర పడుతున్నాం అప్పుడు. "మొదట్నుంచీ మీరు తీసుకోవాల్సింది అదేనండి. మీకు సరిగ్గా సరిపోతుంది."

నాకు ఒళ్ళు మండింది. దానం చేస్తోంది. కుట్లు వేయించుకుని కూర్చుని కూడా నాకు నేర్పుతోంది. "నాకెవరి బోర్డూ అక్కర్లేదండీ" అన్నాను, గొంతు పెద్దదైంది. "మీరు చూశారా, పొద్దున్న?" అని అడిగేశాను. ఎందుకడిగానో తెలియదు. లేదంటుందనే అడిగాను.

"చూశానండి."

రోడ్డు మీద గుంటలు. మూడో గేరు వెయ్యాల్సిన చోట రెండులోనే పోతున్నాను, ఇంజను అరుస్తోంది.

"మరి అల కొట్టిందని ఎందుకు చెప్పారు అందరికీ?"

"ఆపుతారా కారు, మాట్లాడాలంటే?" అంది. "వద్దులెండి, ఆపకండి. ఈ కుట్లతో బస్సు ఎక్కగలిగితే మీ కారు ఎక్కేదాన్ని కాను." ఏడుస్తోందేమోనని అద్దంలో చూశాను. ఏడవడం లేదు, పళ్ళు బిగపట్టి ఉంది. "పెళ్ళయ్యాక నా అంతట నేను తెచ్చుకున్న స్నేహం మీరొక్కరేనండి. అందరూ ఆవిడ తలపొగరు మనిషి అంటే, మీకు తెలియదు అని పోట్లాడాను, మా ఆయనతో కూడా. ఇప్పుడు ఆ మనిషే కొట్టిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను? అల కొట్టిందంటే నాకు కొంచెం మర్యాద మిగులుతుంది." అని, "ఇంక మాట్లాడకండి" అంది.

ఏలూరు కాలువ వంతెన దాటాం, రైలు పట్టాలు దాటాం, పవర్‌పేటలో వాళ్ళ సందు, ఒక్క కారు పట్టే సందు. ఆ ఇంటి ముందు దించేసి, మాటా పలుకూ లేకుండా వెళ్ళిపోదామనుకున్నాను. సోమవారం సంగతి సోమవారం. కానీ శ్రీరామచంద్రగారు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు, లుంగీ మీద ఇస్త్రీ చొక్కా వేసుకుని. సరోజ మొహం చూడగానే వెనక తలుపు తీశాడు. చెయ్యి పట్టుకుని దింపాడు. తర్వాత నా కిటికీ దగ్గరికొచ్చి, చేతులు జోడించాడు. "పాపం మీకెంత శ్రమండీ మేడం గారూ. మీరు పక్కన లేకపోతే ఏమయ్యేదోనండి. రండి, లోపలికి రండి, కాఫీ తాగి వెళ్దురుగాని. సముద్రంతో మనకేంటని ముందునుంచీ చెబుతున్నానండి, ఇవాళ తనకే తెలిసొచ్చింది. ఇంక ఆ ఊసు లేదు, మీరు కూడా మానేద్దురూ."

సరోజ గేటు పట్టుకుని నేల చూస్తోంది. మళ్ళీ ఆ మాట అనబోతోందని తెలిసింది నాకు, అలాగేనండి అని. ఇంకోసారి వినలేననిపించింది. మంచితనం అనుకోకండి, ఆయన జోడించిన చేతులు చూడలేకపోయాను, అంతే. కారు దిగాను.

"సముద్రం ఏం చెయ్యలేదండీ" అన్నాను.

"బాలగారూ, వద్దు" అంది సరోజ.

"తగిలింది నా బోర్డండీ. మొదట నేర్చుకునేవాళ్ళు కొనకూడని బోర్డు అది, కొన్నాను. కాలికి తాడు కట్టుకోవాలి, విప్పేశాను. ఈవిడ వస్తుంటే చూసి తోశాను."

ఆయన నా వంకా, ఆవిడ వంకా చూశాడు. "పొరపాటున జరిగిందంటున్నారా మేడం?"

"కాదండీ. చూసే తోశాను."

ఎదురింటి మేడ మీద ఎవరో బట్టలు తీస్తున్నారు, ఆగారు. ఆయన మొహం ఎర్రబడలేదు, గొంతు లేవలేదు. "ఎందుకండీ?" అన్నాడు. నిజంగానే అర్థం కాక అడిగాడు.

"ఆవిడకి వచ్చిందండి. నాకు రాలేదు" అన్నాను. అది చెబితే ఏదో బరువు దిగుతుందంటారు. ఏమీ దిగలేదు. ఎదురుగా ఉన్న ఆయన మీదా, మేడ మీది ఆవిడ మీదా, పేతురు మీదా, అందరి మీదా కోపం ఎక్కడిదక్కడే ఉంది. కానీ నోట్లో ఇంకో అబద్ధం మిగల్లేదు.

"మీరు వెళ్ళండి మేడం" అన్నాడు. "ఇంక మా ఇంటికి రాకండి. మా ఆవిడతో మాట్లాడకండి. స్కూలువాళ్ళతో నేను మాట్లాడతానండి." ఒక్క 'అండీ' కూడా తగ్గలేదు.

నేను వెనక్కి తిరిగి, కారు పైన కట్టిన ముళ్ళు విప్పడం మొదలుపెట్టాను. తెల్లది తీసి రోడ్డు మీద పడేశాను. నీలంది జారితే ఆయన అనుకోకుండానే ఒక కొస పట్టుకున్నాడు, పట్టుకున్నాక, "ఇది మాకొద్దని చెప్పానండి" అన్నాడు.

"అది నాదండి" అంది సరోజ.

ఆయన అలాగే పట్టుకుని నిలబడ్డాడు, తొమ్మిదడుగుల బోర్డుకి ఒక చివర. సరోజ వచ్చి రెండో చివర చేత్తో ఎత్తి, "తల వంచలేను. అటు మీరు ముందు నడవండి" అంది. ఇద్దరూ గేటు లోపలికి తీసుకెళ్ళారు. నేను డ్రైవర్ సీట్లో కూర్చుని తాళం తిప్పాను. కిటికీ మీద వేళ్ళతో తట్టిన చప్పుడు. సరోజ. అద్దం దించాను. ఏం అంటుందనుకున్నానో.

"తాడు మాదండి" అంది.

కారు మీదనుంచి తాడు లాగి, చుట్ట చుట్టుకుని వెళ్ళిపోయింది. తెల్ల బోర్డుని కారు మీద కట్టడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. దాన్ని వెనక తలుపులోంచి దూర్చాను, ముక్కు ముందు సీటు మీదికొచ్చి అద్దానికి ఆనింది. ఆ సందులో కారు తిప్పుకునే చోటు లేదు. రివర్సులోనే బయటికి రావాలి. మెడ తిప్పి వెనక చూసుకుంటూ, మధ్యమధ్య ముందుకి చూస్తే వాళ్ళ గుమ్మమే కనపడుతోంది. బోర్డు తలుపులో ఇరుక్కుంది. ఆయన ఏదో అంటున్నాడు. సరోజ ప్లాస్టరు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఏటవాలుగా తిప్పమని చూపిస్తోంది. ఆయన తిప్పాడు. లోపలికి వెళ్ళింది.